ఉరిశిక్ష వద్దంటూనే అబార్షన్ హక్కు కావాలనడం ఎలా కుదురుతుంది?

"ప్రాణం తీసే హక్కు ఎవరికీ లేదని ఉరిశిక్షను వ్యతిరేకించేవాళ్లు, కడుపులో బిడ్డ దగ్గరికి వచ్చేసరికి మాట మారుస్తారెందుకు?" అని కదా మీ ప్రశ్న. నేను ఆ రెండు మాటలూ అనేదాన్నే.

మాది చిలకలూరిపేట దగ్గర పల్లె. 1993 మార్చిలో ఇద్దరు కుర్రాళ్లు దోపిడీకని బస్సెక్కి, పెట్రోలు చల్లి నిప్పంటిస్తే 23 మంది చనిపోయారు. మా వైపు అందరూ అలాంటి బస్సులెక్కి తిరిగేవాళ్లే. వాళ్లను ఉరి తీయాల్సిందేనని మా ఇంట్లోనూ అన్నారు. ఆ కోపం నాకు బాగా తెలుసు. సుప్రీంకోర్టు కూడా ఉరే ఖాయం చేసింది. పౌరహక్కుల వాళ్లు పట్టువదలకుండా పోరాడితే, 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ దాన్ని యావజ్జీవంగా మార్చారు. ఇద్దరూ పేద దళిత కుటుంబాల వాళ్లు. అప్పటికే ఏళ్లుగా జైల్లో ఉన్నారు, బయట ఎవరికీ వాళ్లవల్ల భయం లేదు. అలా చేతికి చిక్కిన మనిషిని తారీఖు, టైము పెట్టి చంపడం నాకు మింగుడుపడదు. 1980లో బచన్ సింగ్ కేసులో 'అరుదైన వాటిలోకెల్లా అరుదైన' నేరాలకే ఉరి అని సుప్రీంకోర్టు అంది. కానీ ఏది అరుదైనదో ఒక్కో జడ్జికి ఒక్కోలా కనిపిస్తుంది.

ఇక రెండోది. 2019లో మా అక్కకు టిఫా స్కాన్‌లో (కడుపులో బిడ్డ అవయవాలు సరిగా ఉన్నాయో లేదో చూసే స్కాన్) బిడ్డకు తలపుర్రె ఏర్పడలేదని తేలింది. పుట్టినా బతకదు. అప్పటికే ఇరవై వారాలు దాటాయి. 1971 అబార్షన్ చట్టం అప్పట్లో ఇచ్చిన గడువు అంతే. "నా మీద కేసవుతుందమ్మా, కోర్టు ఆర్డర్ తెచ్చుకోండి" అంది డాక్టరు. ఆవిడను తప్పుపట్టలేం. హైకోర్టులో పిటిషన్, మెడికల్ బోర్డు, మళ్లీ స్కాన్. లోపల బిడ్డ కదులుతూనే ఉంది. శ్రీమంతం ఎప్పుడని పక్కింటివాళ్లు అడుగుతారని, అక్క పొట్ట మీదుగా చున్నీ కప్పుకుని దొడ్డిదారిన వచ్చేది. పర్మిషన్ వచ్చింది, కానీ అన్ని రోజులు ఆమెను అలా మోయించింది మన చట్టమే. 2021లో సవరించాక, ఇలాంటి తీవ్ర లోపాలకు బోర్డు ఒప్పుకుంటే వారాల గడువు లేదు.

అక్కతో పాటు ఇదంతా చూశాక నాకు రెండూ ఒకే తూకంలో వేసేవిగా అనిపించవు. జైల్లో ఉన్నవాడిని బతకనివ్వడానికి ఎవరి ఒంట్లోనూ చోటు అడగక్కర్లేదు. గర్భం నిలవాలంటే ఒక మనిషి శరీరం కావాలి. ఆమె వద్దన్నా మోయమని ప్రభుత్వం బలవంతపెట్టొచ్చా అన్నది వేరే ప్రశ్న. 'ప్రాణం ప్రాణమే కదా' అనేవాళ్ల లెక్కలో ఆమె అసలు కనిపించదు.

అలాగని నా వాదన అన్నిచోట్లా నిలబడుతుందని చెప్పను. ఆడపిల్ల అని తెలిసి తీయించడాన్ని నేను ఒప్పుకోను. లింగ నిర్ధారణను 1994 చట్టం నిషేధించడం సబబే, ఎందుకంటే అక్కడ చాలాసార్లు నిర్ణయం ఆమెది కాదు, అత్తింటిది. నాకు నిజంగా కష్టమైంది 2023 అక్టోబరు కేసు. ఇద్దరు పిల్లల తల్లి, ప్రసవం తర్వాత వచ్చిన మానసిక సమస్యకు మందులు వాడుతోంది, 26 వారాలు దాటాయి. బిడ్డ బయట బతకగలిగే దశలో ఉందని, గుండె ఆపమని చెప్పలేమని సుప్రీంకోర్టు అనుమతి ఇవ్వలేదు. ఆ తల్లి వైపే నిలబడాలని ఉంది. కానీ ఆ తీర్పు తప్పని గట్టిగా అనలేకపోతున్నాను.