కెర్నెల్ డీబగ్గింగ్ మీద పడ్డ మా అబ్బాయికి ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అబ్బాయి కాకినాడలో బీటెక్ ఈసీఈ మూడో సంవత్సరం చదువుతున్నాడు. నాలుగు నెలలుగా రిస్క్-ఫైవ్ మీద రిమోట్ కెర్నెల్ డీబగ్గింగ్ అంటూ అర్ధరాత్రి దాకా కూర్చుంటున్నాడు. సెలవుల్లో అమీర్‌పేట వెళ్లి క్లౌడ్ కోర్సు చేయమంటే వినడం లేదు. నాది మోటారు వైండింగ్ షాపు, ఈ కంప్యూటర్ సంగతులు నాకు తెలియవు. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. అసలు దీనికి ఉద్యోగాలున్నాయా?
– ఒక తండ్రి, పెద్దాపురం

జవాబు: ఉన్నాయండీ. కానీ ముందు మీవాడు చేస్తున్న పనేమిటో చెప్పనివ్వండి.

కంప్యూటర్‌లో మిగతా ప్రోగ్రాములన్నిటినీ నడిపించేది కెర్నెల్. దానిలో తప్పులు వెతికి పట్టుకోవడమే కెర్నెల్ డీబగ్గింగ్. రిస్క్-ఫైవ్ అంటే ఎవరైనా ఫీజు కట్టకుండా వాడుకోగల ప్రాసెసర్ డిజైన్ ప్రమాణం. మామూలు ప్రోగ్రాములో తప్పు వస్తే దాన్ని మధ్యలో ఆపి, లోపల ఏం జరుగుతోందో డీబగ్గర్‌తో చూడవచ్చు. కెర్నెల్‌నే ఆపితే దాని మీద నడిచే డీబగ్గర్ కూడా ఆగిపోతుంది. కంటి డాక్టరు ఎంత గొప్పవాడైనా తన కంటికి తానే ఆపరేషన్ చేసుకోలేడు కదా. అందుకే రెండు మెషీన్లు పెడతారు. ఒకదానిలో పరీక్షించాల్సిన కెర్నెల్, రెండోదానిలో జీడీబీ అనే డీబగ్గర్, మధ్యలో సీరియల్ కేబుల్. ఇందుకోసం లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్‌లో కేజీడీబీ అనే భాగం ఉంది. అది 2008లో 2.6.26 వెర్షన్‌తో అధికారిక కెర్నెల్‌లో చేరింది.

అయితే అది ప్రతి ప్రాసెసర్ మీదా దానంతటదే పనిచేయదు. రిజిస్టర్లను (ప్రాసెసర్ లోపల విలువలు దాచుకునే చోట్లను) ఏ వరుసలో పంపాలి, ఆగమని చెప్పే ఇన్‌స్ట్రక్షన్ (ప్రాసెసర్‌కిచ్చే ఆదేశం) ఏది, మిగతా కోర్లను ఎలా ఆపాలి – ఇవన్నీ ఒక్కో ఆర్కిటెక్చర్‌కూ, అంటే ఒక్కో రకం ప్రాసెసర్ డిజైన్‌కూ, విడిగా రాయాలి. రిస్క్-ఫైవ్ 2018 జనవరిలో 4.15తో లైనక్స్‌లోకి వచ్చినా, దానికి కేజీడీబీ వచ్చింది 2020లో, 5.8 వెర్షన్‌తో.

ఒక్కో ఇన్‌స్ట్రక్షన్ నడిపి ఆపడాన్నే తీసుకోండి. ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లలో ట్రాప్ ఫ్లాగ్ అనే బిట్ పెడితే చాలు, ఒక ఇన్‌స్ట్రక్షన్ నడిచి ఆగుతుంది. 64-బిట్ ఆర్మ్‌లోనూ అలాంటి బిట్ ఉంది. రిస్క్-ఫైవ్‌లో కెర్నెల్ వాడుకోవడానికి అది లేదు. కాబట్టి ఇప్పుడు నడవబోయే ఇన్‌స్ట్రక్షన్‌ను కేజీడీబీయే చదువుతుంది. అది బ్రాంచ్ (వేరే చోటికి దూకమనే ఇన్‌స్ట్రక్షన్) అయితే రిజిస్టర్లలోని విలువలు చూసి, ఎక్కడికి దూకుతుందో ముందే లెక్కగడుతుంది. ఆ చోట ఈబ్రేక్ అనే ఇన్‌స్ట్రక్షన్‌ను తాత్కాలికంగా పెట్టి, ఆగాక పాతదాన్ని తిరిగి పెట్టేస్తుంది. పైగా మామూలు ఇన్‌స్ట్రక్షన్లు 4 బైట్లు, కుదించిన (కంప్రెస్డ్) ఇన్‌స్ట్రక్షన్లు 2 బైట్లు. 2 బైట్ల చోట 4 బైట్లు రాస్తే పక్కనున్నది చెరిగిపోతుంది. ఇదంతా చేతులతో చేసి చూసిన కుర్రాడికి ప్రాసెసర్ లోపలి సంగతి నిజంగా తెలుస్తుంది. మోటారు విప్పి వైండింగ్ చేసినవాడికీ, పుస్తకంలో బొమ్మ చూసినవాడికీ తేడా మీకు నేను చెప్పాలా!

మరి మీవాడు ఎంతదాకా వచ్చాడు? ఒక్క ప్రశ్న అడగండి: "నువ్వు కనెక్ట్ అవుతున్నది క్యూఈఎంయూలో ఉన్న జీడీబీ సర్వర్‌కా, కెర్నెల్‌లోని కేజీడీబీకా?" క్యూఈఎంయూ అంటే బోర్డు లేకుండానే ల్యాప్‌టాప్‌లో రిస్క్-ఫైవ్ మెషీన్‌ను నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్. దానికి సొంత డీబగ్ సర్వర్ ఉంది, 1234 పోర్ట్‌లో దొరుకుతుంది. దానితో కెర్నెల్‌ను బయటి నుంచి ఆపవచ్చు, కానీ అప్పుడు కేజీడీబీ అసలు పనిలోకే రాదు. చాలామంది విద్యార్థులు ఇది చేసి, రెజ్యూమెలో కేజీడీబీ అని రాసేస్తారు. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు. మీవాడు తడుముకోకుండా తేడా చెప్పి, సీరియల్ పోర్ట్ మీదుగా కేజీడీబీని నడిపి మీకు చూపించగలిగితే, వాణ్ని ఆపకండి. గుటకలు మింగితే కోపగించుకోవద్దు, ఆ పని పూర్తి చేయడానికి ఒక నెల గడువు పెట్టండి.

ఇక ఉద్యోగాలు. "కెర్నెల్ డీబగ్గింగ్ ఇంజినీర్" అని వెతికితే పెద్దగా దొరకవు. ఎంబెడెడ్ లైనక్స్, బీఎస్‌పీ (బోర్డుకు కావలసిన మూల సాఫ్ట్‌వేర్), ఫర్మ్‌వేర్, డివైస్ డ్రైవర్, బోర్డ్ బ్రింగప్ (కొత్త బోర్డును మొదటిసారి నడిపించడం), పోస్ట్-సిలికాన్ వ్యాలిడేషన్ (తయారైన చిప్‌ను పరీక్షించడం) – ఈ పేర్లతో వెతకమనండి. క్వాల్‌కామ్, ఏఎండీ, ఇంటెల్ లాంటి చిప్ కంపెనీలకు హైదరాబాద్‌లోనూ బెంగళూరులోనూ ఆఫీసులున్నాయి. రిస్క్-ఫైవ్ మన దేశానికి కొత్తేమీ కాదు. ఐఐటీ మద్రాస్ వారి శక్తి, కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ వారి వేగ ప్రాసెసర్లు దాని మీద కట్టినవే. కేంద్రం 2022 ఏప్రిల్‌లో డిజిటల్ ఇండియా రిస్క్-ఫైవ్ కార్యక్రమాన్ని కూడా ప్రారంభించింది.

కానీ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఫ్రెషర్లను నేరుగా కెర్నెల్ పనిలోకి తీసుకునే ఉద్యోగాలు తక్కువ. క్యాంపస్‌కు వచ్చే కంపెనీల్లో ఎక్కువ భాగం ముందు ఆప్టిట్యూడ్, కోడింగ్ పరీక్షలు పెడతాయి. వాటిలో ఆగిపోతే కేజీడీబీ సంగతి అడిగేవారే ఉండరు. కాబట్టి రోజూ ఒక గంట డేటా స్ట్రక్చర్లు, సీ భాషలో పాయింటర్లు చేయాల్సిందే, ఇందులో బేరం లేదు. అర్ధరాత్రి దాకా కూర్చోవడం కూడా మానిపించండి, పొద్దున్న క్లాసులు పోతే పర్సెంటేజీ పోతుంది.

క్లౌడ్ కోర్సుకు బలవంతం చేయకండి. ఇష్టం లేకుండా చేరితే ఫీజూ పోతుంది, ఈ పట్టూ పోతుంది. బీటెక్ అయ్యేసరికి ఉద్యోగం చేతిలో లేకపోతే సీడాక్ వారి ఎంబెడెడ్ సిస్టమ్స్ పీజీ డిప్లొమా ఉంది. సీ-క్యాట్ అనే ప్రవేశ పరీక్ష రాసి చేరాలి, సుమారు ఆరు నెలల కోర్సు. వాడి దారిలోనే ఉంటుంది కాబట్టి అమీర్‌పేటకు పెట్టాలనుకున్న డబ్బు దానికి దాచండి.

ఈలోగా మీవాడు చేసిన ప్రతి ప్రయోగాన్నీ రాసిపెట్టుకోవాలి: ఏ కెర్నెల్ వెర్షన్, ఏ కాన్ఫిగరేషన్, ఎక్కడ ఆగింది, ఎందుకు. ఇంటర్వ్యూలో "నీకు ఎదురైన కష్టమైన బగ్ చెప్పు" అన్నప్పుడు ఆ నోట్‌బుక్కే పనికొస్తుంది. లైనక్స్ ఫౌండేషన్ మెంటార్‌షిప్‌లో కెర్నెల్ బగ్‌లు సరిచేయడం నేర్పే కార్యక్రమం ఉంది, దానికి దరఖాస్తు చేయమనండి. కాలేజీలో సీనియర్లెవరైనా ఇటు వెళ్లారేమో కూడా కనుక్కోమనండి.

బోర్డు ఇప్పుడే కొనక్కర్లేదు, క్యూఈఎంయూలో అంతా కుదిరాకే కొనండి. అప్పుడు యూఎస్‌బీ సీరియల్ కేబుల్ కూడా కావాలి, కొన్ని వందల్లో వస్తుంది. అది 3.3 వోల్టుల సిగ్నల్ ఇచ్చేదేనా అని షాపులో మీరే అడగండి. 5 వోల్టులది తగిలిస్తే బోర్డు పిన్నులు కాలిపోయే ప్రమాదం ఉంది.