ముక్కనుమ నాడు ఉదయగిరి చూసి, రాత్రికి ట్రైన్ అందుకోగలమా?

ప్రశ్న: పండక్కి హైదరాబాద్ నుంచి నెల్లూరులో మా అత్తగారింటికి వచ్చాం. ముక్కనుమ నాటి రాత్రి తిరుగు ట్రైన్. ఆ రోజు పగలు ఉదయగిరి కోట, వీలైతే భైరవకోన కూడా చూడాలని మావారు, ఏడో తరగతి చదివే మా బాబు ఒకటే పట్టు. అత్తయ్యగారేమో "ప్రయాణం పెట్టుకుని ఆ పాడుబడిన కొండలెందుకు, కడుపునిండా తిని కాసేపు నడుం వాల్చండి" అంటున్నారు. ఆవిడ మనసు నొప్పించకుండా ఏం చెయ్యమంటారు?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: వెళ్లండమ్మా. కానీ ఒక్క ఉదయగిరికే వెళ్లండి. భైరవకోన ఎనిమిది గుహాలయాలూ, ఆ జలపాతమూ తీరిగ్గా చూడాల్సినవి. రెండూ ఒకే రోజున పెట్టుకుంటే ఏదీ చూసినట్టుండదు, పైగా సాయంత్రమంతా ట్రైన్ టెన్షన్. మళ్లీ సెలవులకు వచ్చినప్పుడు దానికో రోజు కేటాయించండి.

అత్తయ్యగారిని ఇంట్లో వదిలి వెళ్లకండి, వెంటబెట్టుకుని వెళ్లండి. ఆవిడ చేసిపెట్టే భోజనం ఇంట్లోనే తినాలని ఏముంది? పులిహోర, పెరుగన్నం కట్టించుకోండి. కొండ కింద రంగనాయకుల గుడి ఉంది. మోకాళ్ల నొప్పులున్నవారు కొండ జోలికి పోకుండా ఆ మండపం నీడలో కూర్చోవచ్చు. సోషల్ టీచర్‌గా పనిచేసిన రోజుల్లో పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లినప్పుడల్లా వాళ్ల నాయనమ్మలు ఒకరిద్దరు తోడు వచ్చేవారు. పిల్లలకంటే వాళ్లే ఆ స్తంభాల చుట్టూ తిరిగి, ఒక్కో బొమ్మనూ వేలితో తడిమి ఇది ఫలానా అవతారమని చెబుతుంటే నేను పక్కన నిలబడి విన్నాను. మీ బాబుకు కూడా అలాంటి పాఠం నాయనమ్మ నోటినుంచే అందాలి.

నెల్లూరు నుంచి బుచ్చి, సంగం, ఆత్మకూరు మీదుగా రమారమి వంద కిలోమీటర్లు. తెల్లవారుజామునే బయల్దేరండి. ట్రైన్‌కు సర్దాల్సిన బ్యాగులు, పిండివంటల డబ్బాలు కనుమ రాత్రే కట్టేసి గుమ్మం దగ్గర పెట్టుకోండి. మధ్యాహ్నం మూడింటికల్లా ఉదయగిరి వదిలిపెడితే ఏ హడావుడీ ఉండదు. కొండ ఎత్తు 3,079 అడుగులు. శిఖరం దాకా ఎక్కి దిగాలంటే రోజంతా కావాలి కాబట్టి ఆ ఆశ పెట్టుకోవద్దు. మీవారూ బాబూ కలిసి తొలి బురుజుల దాకా ఎక్కి వస్తే చాలు. దారి తెలిసిన ఊరివాళ్లను ఒకరిని తోడు తీసుకోవాలి. మన వైపు వానలు డిసెంబరు దాకా పడతాయి గనుక సంక్రాంతికి చెట్టూ చేమా ఇంకా పచ్చగా, గుబురుగా ఉంటుంది. చెప్పులతో వెళ్లొద్దు, బూట్లు వేసుకోమనండి. నీళ్లు తలకు రెండు బాటిళ్లు.

ఇక అసలు సంగతి. పిల్లవాడికి ముందే ఒక కథ తెలియకపోతే ఏ కోటైనా రాళ్లగుట్టే. ఉదయగిరికి అంత మంచి కథ ఉంది. శ్రీకృష్ణదేవరాయలు ఒడిశా రాజులైన గజపతుల మీద మొదలుపెట్టిన దండయాత్రలో తొలి కోట ఇది. లోపల 10,000 మంది కాల్బలం, 400 గుర్రాలు ఉన్నాయనీ, తిండి అందకుండా చేస్తే తప్ప ఆ కోట లొంగేది కాదనీ పోర్చుగీసు గుర్రాల వర్తకుడు న్యూనిజ్ రాశాడు. ముట్టడి ఏడాదిన్నర సాగింది. సైన్యం బురుజుల దగ్గరికి చేరడానికి రాయలు పెద్దపెద్ద బండలు పగలగొట్టించి దారులు వేయించాడట. 1514లో కోట లొంగింది. అప్పుడు ఆయన ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని తన రాజధాని విజయనగరానికి, అంటే ఇప్పటి హంపికి తీసుకెళ్లి, దానికోసమే ఒక గుడి కట్టించి 1515లో ప్రతిష్ఠించాడు. హంపిలో ఈనాటికీ కృష్ణాలయం అంటే అదే. ఆ విగ్రహం ఇప్పుడు హంపిలోనూ లేదు, చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. ఉదయగిరిలో మొదలై హంపి మీదుగా చెన్నై చేరిన ఆ పసికృష్ణుడి ప్రయాణాన్ని కారులోనే మ్యాపు మీద చూపించండి.

కొండ ఎక్కుతున్నప్పుడు బాబుకు ఒక పని అప్పజెప్పండి. ఒకప్పుడు ఇక్కడ కొండమీద ఎనిమిది, కింద అయిదు, మొత్తం పదమూడు దుర్గాలు ఉండేవి. పైకి వెళ్లే ప్రతి దారికీ పైనుంచి కాపలా ఉండేది. దారి మలుపు తిరిగినచోటల్లా ఆగి, "పైన గోడమీద నిలబడ్డవాడికి మనం కనిపిస్తున్నామా?" అని వాణ్నే చూసి చెప్పమనండి. ఏడాదిన్నర ఎందుకు పట్టిందో వాడికే అర్థమవుతుంది. తర్వాత గోల్కొండవారి కాలం వచ్చింది, కొండమీద పారశీక శాసనాలున్న మసీదు కూడా ఉంది. అదీ ఈ కోట కథే, వదలకుండా చెప్పండి.

ఒక్క విన్నపం. రాళ్లమీద పేర్లు గీకడం, నిధులున్నాయని నేల తవ్వడం వల్ల మన కోటలు పడుతున్న బాధ అంతా ఇంతా కాదు. కడుపు తరుక్కుపోతుంది. మీ బాబును ఒక్క పెంకు కూడా జేబులో వేసుకోనివ్వకండి. గుర్తుగా ఏదైనా కావాలంటే ఉదయగిరి చెక్క గరిటెలు, స్పూన్లు కొనండి. నర్ది, బిక్కి లాంటి కొయ్యలతో అక్కడి ఆడవాళ్లు చేత్తో చెక్కి నునుపు చేస్తారు. బ్యాగులో బరువుండవు, ఆ డబ్బు చెక్కినవాళ్లకు చేరుతుంది.

ప్రశ్న: ఒంగోలులో సెలవుల చివరి రోజు. కోటలు, కొండలు ఎక్కే ఓపిక లేదు. చరిత్ర ఉన్నచోటు ఒకటి చెప్పండి.

జవాబు: దర్శి మీదుగా దొనకొండ వెళ్లి, దగ్గర్లోని చందవరం చూడండి. గుండ్లకమ్మ ఒడ్డున చిన్న గుట్టమీద బౌద్ధ మహాస్తూపం ఉంది. 1964లో పురావస్తు శాస్త్రవేత్త వేలూరి వెంకట కృష్ణశాస్త్రి దాన్ని గుర్తించారు, 1970లలో తవ్వకాలు జరిగాయి. రెండు అంచెల వేదికమీద లేచిన ఆ స్తూపం చుట్టూ నిదానంగా ఒక ప్రదక్షిణ చెయ్యండి. గుట్ట చిన్నదే గానీ నీడ తక్కువ, ఎండ ముదరకముందే వెళ్లండి.