సొంత ట్రక్ కొంటున్నాను: లాంగ్ నోస్ పీటర్‌బిల్ట్ మంచిదా, క్యాస్కేడియా మంచిదా?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. కాలిఫోర్నియాలోని స్టాక్టన్‌లో ఉంటున్నారు. కొన్నేళ్ళు కంపెనీ ట్రక్ నడిపి, ఇప్పుడు డౌన్ పేమెంట్ కూడబెట్టుకుని ఓనర్ ఆపరేటర్ (సొంత ట్రక్ తనే నడుపుకునేవాడు) అవుదామనుకుంటున్నారు. రీఫర్ (చల్లగా ఉంచే మెషిన్ ఉన్న ట్రైలర్) లాగుతూ డాలస్ వెళ్ళి వస్తుంటారు, లోడ్లు ఎక్కువగా బ్రోకర్ల దగ్గర తీసుకుంటారు. మీ మనసేమో పొడవు ముక్కున్న పీటర్‌బిల్ట్ 389 మీద ఉంది, మీ ఆవిడ, అకౌంటెంట్ ఫ్రైట్‌లైనర్ క్యాస్కేడియా అంటున్నారు.

నేను నడిపేది 389. అయినా మీకు మాత్రం క్యాస్కేడియా కొనమనే చెప్తాను.

నేను ఈ లైన్‌లోకి కెన్‌వర్త్ టీ680తో వచ్చాను, అదీ క్యాస్కేడియా లాంటి బండే. అప్పుడు నాదీ రీఫరే, రూటు కూడా ఇంచుమించు మీదే. ఇప్పుడు స్టెప్ డెక్ (వెనక భాగం కిందికి దిగి ఉండే, పైన మూత లేని ట్రైలర్) మీద యంత్రాలు వేస్తున్నాను. టీ680 మీద గాలన్‌కు ఎనిమిది మైళ్ళకు అటూ ఇటూ వచ్చేది. 389 మీద ఆరు, బాగా ఓపిక పట్టి నడిపితే ఆరున్నర. రీఫర్ యూనిట్ తాగే డీజిల్ వేరే లెక్క, దాన్ని ఇందులో కలపలేదు.

ఆరుకూ ఎనిమిదికీ తేడా రెండే కదా అనిపిస్తుంది. ఒకసారి లెక్క వేద్దాం. ఏడాదికి 1,00,000 మైళ్ళు, గాలన్ 4 డాలర్లు అనుకోండి. ఆరు మైళ్ళిచ్చే బండికి 16,667 గాలన్లు కావాలి, ఎనిమిదిచ్చే బండికి 12,500 చాలు. తేడా 4,167 గాలన్లు, అంటే సుమారు 16,700 డాలర్లు. నెలకు దాదాపు 1,400. కిస్తీ కట్టాక, ఇన్సూరెన్స్ కట్టాక, టైర్లు మార్చాక పైన పడే ఖర్చు ఇది. 2022 జూన్‌లో దేశ సగటు ధర 5 డాలర్ల 70 సెంట్లు దాటింది. ఆ రేటు ఏడాది పొడవునా నిలిచి ఉంటే ఇదే తేడా 23,000 దాటేది. ఆ వేసవిలో ట్రక్కులు అమ్ముకున్నవాళ్ళు నాకు తెలుసు.

ఈ డీజిల్ అంతా ఎక్కడికి పోతోందంటే, గాలిలోకే. హైవే స్పీడులో ఇంజన్ పడే శ్రమలో దాదాపు సగం గాలిని తోయడానికే పోతుంది. 389లో మనకు నచ్చేవన్నీ గాలికి అడ్డం నిలబడేవే: చదునైన పెద్ద గ్రిల్, బయటికి పొడుచుకొచ్చిన ఎయిర్ క్లీనర్లు, క్యాబ్‌కి రెండు పక్కలా పొగ గొట్టాలు, అద్దం మీదికి వంగిన వైజర్. వాటిని తీసేస్తే ఇక ఆ బండి ఎందుకంటారు, ఒప్పుకుంటాను. క్యాస్కేడియా, టీ680, వోల్వో వీఎన్ఎల్ లాంటివి గాలి జారిపోయేలా గీసిన బళ్ళు. రూఫ్ ఫెయిరింగ్ (గాలిని పైకి జారవిడిచే తొడుగు) ట్రైలర్ ఎత్తుకు సరిపోతుంది, క్యాబ్ వెనక సందు తగ్గుతుంది.

స్పీడు సంగతి కూడా ఇందులోదే. గాలి అడ్డు స్పీడు వర్గంతో పెరుగుతుంది. 65 మీద వెళ్ళేవాడు 75కి పెంచితే గాలికి పెట్టే డీజిల్ మైలుకు మూడోవంతు పెరుగుతుంది. కాలిఫోర్నియాలో మనకు 55 లిమిట్ కాబట్టి హైవే 99 మీద, టెహాచపీ ఘాట్ మీద బళ్ళ మధ్య తేడా కాస్త తక్కువగా కనిపిస్తుంది. నీడిల్స్ దాటి అరిజోనాలోకి అడుగుపెట్టాక, ఐ-40 మీద అందరూ 75 తొక్కుతున్నప్పుడు బాగా తెలుస్తుంది. ఇంకో సంగతి, న్యూ మెక్సికో, టెక్సస్ పాన్‌హ్యాండిల్‌లో గాలి ఎక్కువగా పడమటి నుంచి వీస్తుంది. డాలస్ వెళ్ళేటప్పుడు వెనక నుంచి తోస్తుంది, తిరిగొచ్చేటప్పుడు ముఖం మీద కొడుతుంది. మైలేజీ చూసుకునేటప్పుడు పోను ట్రిప్పు ఒక్కటే చూసి సంబరపడకండి.

మరి నేనెందుకు 389 ఉంచుకున్నాను? నా ట్రైలర్ మీద ఎక్స్‌కవేటరో, జనరేటరో ఉంటుంది. ఎత్తూపల్లాలున్న ఆ సామాను వెనక ఉండగా, ముందు ఎంత నున్నటి క్యాబ్ పెట్టినా గాలి అక్కడే చెదిరిపోతుంది. అందుకని ఏరో ట్రక్కు (గాలి జారిపోయేలా గీసిన బండి) లాభం నా పనిలో తగ్గిపోతుంది. సామాను ఖరీదైనది, రేటు మెరుగ్గా ఉంటుంది, 62 దాటి వెళ్ళాల్సిన తొందర ఉండదు. పైగా నేను ఒక క్యారియర్‌కి (రవాణా కంపెనీకి) లీజ్ మీద నడుపుతున్నాను, ఫ్యూయల్ సర్‌ఛార్జ్ (డీజిల్ ధర పెరిగినందుకు ఇచ్చే అదనపు డబ్బు) విడిగా వస్తుంది. ఇవన్నీ ఉన్నాయి కాబట్టి నా షోకుకు ఏడాదికి కొన్ని వేల డాలర్లు తెలిసే పెడుతున్నాను. విజయవాడ ఆటోనగర్‌లో బాడీ కట్టించి, రంగులు వేయించి, అద్దం మీద పిల్లల పేర్లు రాయించుకునే ఓనరు ఏ లెక్కతో చేస్తాడో నాదీ అదే లెక్క.

సర్‌ఛార్జ్ గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే చాలామంది కొత్తవాళ్ళు దీన్ని పట్టించుకోరు. బేస్ ధర మీద డీజిల్ 6 సెంట్లు పెరిగితే మైలుకు 1 సెంటు చొప్పున ఇచ్చే పద్ధతి బాగా వాడుకలో ఉంది. అంటే ఆ లెక్క వేసినవాడు మీ బండి గాలన్‌కు ఆరు మైళ్ళిస్తుందని అనుకుంటున్నాడు. మీది ఎనిమిదిస్తే ఆ మిగులు మీ జేబులోదే. బ్రోకర్ ఇచ్చే స్పాట్ లోడ్లలో (ఏ లోడుకా లోడు అప్పటికప్పుడు మాట్లాడుకునేవి) మాత్రం అంతా కలిపి ఒకే రేటు, డీజిల్ పెరిగినా ఆ రేటు కదలడానికి టైమ్ పడుతుంది. ఆ మధ్యకాలంలో నష్టం మీదే. స్పాట్ మార్కెట్ మీద బతికేవాడికి మైలేజీ ఎక్కువ అవసరం అనేది ఇందుకే.

డీజిల్ ఎక్కడ కొట్టించాలన్నదీ చూసుకోండి. బోర్డు మీద రేటు చూసి చవకనుకుంటాం గానీ, ఇఫ్టా (రాష్ట్రాల మధ్య డీజిల్ పన్ను పంచుకునే ఒప్పందం) లెక్కలో పన్ను ఎక్కడ కొట్టించామో దాన్ని బట్టి కాదు, ఏ రాష్ట్రంలో ఎన్ని మైళ్ళు నడిపామో దాన్ని బట్టి. కాబట్టి రాష్ట్రం పన్ను తీసేసి రేట్లు పోల్చాలి. అలా పోల్చినా కాలిఫోర్నియా ఖరీదే, తిరిగొచ్చేటప్పుడు అరిజోనాలోనే ట్యాంకులు నింపుకోండి.

అమ్మేటప్పుడు 389కి ధర నిలుస్తుంది కదా అని రాశారు. నిజమే. దాని స్థానంలో 589 వచ్చింది కాబట్టి శుభ్రంగా ఉంచిన 389కి గిరాకీ ఉంటుంది. క్యాస్కేడియాలు పెద్ద కంపెనీలు వందలకొద్దీ ఒకేసారి అమ్మేస్తాయి, ధర పడిపోతుంది. కానీ మీరు కొనేది సెకండ్ హ్యాండే కదా, ఆ పడిపోయిన ధరకే మీకూ దొరుకుతుంది. 389కి పెట్టే అదనపు డబ్బుకేమో మొదటి నెల నుంచీ వడ్డీ కట్టాలి.

కాలిఫోర్నియా ప్లేట్ కాబట్టి ఇంకో మాట. 2000కి ముందు ఇంజన్ అయితే ఈఎల్‌డీ (డ్రైవింగ్ గంటలు రాసే ఎలక్ట్రానిక్ పరికరం) అక్కర్లేదు, డీపీఎఫ్ (పొగలోని మసి పట్టే ఫిల్టర్) గొడవ లేదు అంటూ పాత పీటర్‌బిల్ట్ 379 ఎవరైనా చూపిస్తే ఆగండి. 2023 జనవరి నుంచి ఇక్కడ తిరిగే పెద్ద ట్రక్కులకు 2010 లేదా తర్వాతి మోడల్ ఇంజన్ ఉండాలి. పొడవైన వీల్‌బేస్ కూడా చూసుకోండి. ట్రైలర్‌తో కలిపి మొత్తం 65 అడుగులు దాటితే ఇక్కడ కొన్ని రోడ్లలోకి అనుమతి ఉండదు. వ్యాలీలో ప్యాకింగ్ షెడ్ల దగ్గర ఇరుకు సందుల్లో వెనక్కి తీసేటప్పుడు ఆ లాంగ్ నోస్ మీద మోజు కాస్త తగ్గుతుంది కూడా.

క్యాస్కేడియా అన్నంత మాత్రాన అన్నీ ఒకటి కాదు. హై రూఫ్ స్లీపర్, పక్కన ఫెయిరింగులు పగలకుండా ఉన్నవి, డీటీ12 ఆటోమేటెడ్ గేర్‌బాక్స్, రేర్ గేరు (వెనక ఇరుసు గేరు) రేషియో అంకె తక్కువగా ఉన్నది చూడండి. 3.55 లాంటి గేరు బరువులు లాగడానికి బాగుంటుంది గానీ మీ పనికి ఇంజన్ ఊరికే ఎక్కువ తిరుగుతుంది. ఏపీయూ (పెద్ద ఇంజన్ ఆపేసినా ఏసీ నడిపే చిన్న యూనిట్) ఉంటే మంచిది. ఏసీ కోసం రాత్రంతా ఇంజన్ ఆన్‌లో పెడితే గంటకు ముప్పావు గాలన్ పైనే పోతుంది, క్లీన్ ఐడిల్ సర్టిఫికెట్ లేని ఇంజన్ అయితే కాలిఫోర్నియాలో అయిదు నిమిషాలు మించితే ఫైన్ కూడా. 2017లో రన్ ఆన్ లెస్ అని ఏడు ట్రక్కులను మామూలు లోడ్లతోనే 17 రోజులు నడిపితే సగటు 10.1 వచ్చింది. వాళ్ళు ఆరితేరిన డ్రైవర్లు, ట్రైలర్లకు కూడా గాలి అడ్డు తగ్గించే సరంజామా ఉంది. మీకూ నాకూ పది రాదు గానీ, ఓపికగా నడిపితే ఎనిమిది దగ్గరికి రావచ్చు.

అందం కావాలంటే క్యాస్కేడియాకీ మంచి రంగు వేయించుకోవచ్చు, అల్యూమినియం చక్రాలు పాలిష్ చేయించుకోవచ్చు. ట్రక్ స్టాప్‌లో ఎవరూ ఫోటో తీయరు, అది మాత్రం నిజం.

ఏ బండి చూసినా డబ్బు కట్టే ముందు డీలర్‌ను ఈసీఎం (ఇంజన్ కంప్యూటర్) రిపోర్ట్ ప్రింట్ తీసి ఇమ్మనండి. అందులో మొదటి నుంచి వచ్చిన సగటు మైలేజీ, ఐడిల్‌లో (బండి కదలకుండా ఇంజన్ ఆన్‌లో) ఎంత శాతం నడిచింది, సగటు స్పీడు ఉంటాయి. ఐడిల్ 40 శాతం దాటి ఉంటే డీపీఎఫ్ పరిస్థితి కూడా చెక్ చేయించండి. రిపోర్ట్ ఇవ్వడానికి సాగదీస్తుంటే ఆ బండి వదిలేసి ఇంకోటి చూసుకోండి.