కొట్టేసిన వాక్యం గురించి

బ్రాడీపేట, గుంటూరు.

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు పంపిన పన్నెండు పేజీలు మొన్న మంగళవారం అందాయి. 2009 నవంబరులో విడుదలైన ‘న్యూ మూన్’ సినిమాను ఇన్నేళ్ళ తరువాత మొగల్రాజపురం హాస్టల్ గదిలో ల్యాప్‌టాప్ మీద చూసి, ఒక అభిమానిగా నీ మనసులో కలిగినదంతా రాశానని పైన నువ్వే రాసుకున్నావు. మొదటిసారి వసారాలో కూర్చుని, కాఫీ చల్లారుతున్నా పట్టించుకోకుండా చదివాను. రెండోసారి పెన్సిలు పట్టుకుని చదివాను. ఈ రెంటికీ మధ్య మా మనవరాలి చేత మొదటి భాగమైన ‘ట్వైలైట్’నూ, ఈ రెండో భాగాన్నీ టీవీలో పెట్టించుకుని చూశాను. డెబ్బై నాలుగేళ్ళ వయసులో, రక్తం తాగి బతికే వాంపైర్ల ప్రేమకథ చూస్తానని ఏనాడూ అనుకోలేదు గానీ, సినిమా చూడకుండా నీ వ్యాసం మీద మాట్లాడడం నాకు న్యాయంగా తోచలేదు.

ముందుగా నీ మొదటి పేరా తీసేయి. ఇది కుర్రకారు సినిమా అని తెలుసుననీ, పెద్దలు నవ్వుతారనీ, అయినా క్షమించి చదవమనీ అందులో వేడుకున్నావు. నవ్వదలచినవారు ఆ వేడికోలు చూసి మరింత నవ్వుతారు. నీలాంటి అభిమానులేమో తమ తరఫున నువ్వెందుకు తలదించుకున్నావని నొచ్చుకుంటారు. గాంధీనగర్ థియేటర్ల ముందు కటౌట్‌కు పాలు పోసే కుర్రవాడు ఎవరి అనుమతీ అడగడు. అతని ధీమాలో సగమైనా నీ కలానికి ఉండాలి.

ఇక అసలు విషయానికి వస్తాను. తొమ్మిదో పేజీలో ఒక వాక్యాన్ని నువ్వు మూడుసార్లు గీత గీసి కొట్టేశావు. కాగితాన్ని దీపం ముందు పెట్టి చదివాను. ముసలివాళ్ళకు ఇలాంటి దుర్గుణాలు ఉంటాయి. వాంపైర్ అయిన ఎడ్వర్డ్, తాను ప్రేమించిన మనిషి పిల్ల బెల్లాను అడవిలో వదిలిపెట్టి వెళ్ళిపోగానే సినిమా ఆపి, ఇంకా ఎంతసేపు మిగిలి ఉందో చూసుకున్నానని అక్కడ రాశావు. అమ్మాయీ, నీ పన్నెండు పేజీలలోనూ నువ్వు నిజంగా కనిపించిన చోటు అదొక్కటే. మిగిలినచోట్ల “అద్భుతం” పదకొండుసార్లు ఉన్నది, “గుండె పిండేసింది” నాలుగుసార్లు ఉన్నది, వాటిలో ఏ ఒక్కటీ నీ సొంతం కాదు. కానీ నూట ముప్ఫై నిమిషాల సినిమాలో ముప్పాతిక వంతు ఇంకా మిగిలి ఉండగానే, తాను ఎవరికోసం కూర్చున్నదో ఆ మనిషి వెళ్ళిపోతే, తెర కింది గీత మీద వేలు పెట్టి మిగిలిన నిమిషాలు లెక్కపెట్టుకున్న పిల్ల ఉన్నదే, ఆమె చెప్పేది వినాలని నాకు అనిపించింది. దాన్ని ఎందుకు కొట్టేశావో ఊహించగలను. అభిమాని అన్నాక విసుగు పడకూడదనీ, విసుగు ఒప్పుకుంటే అభిమానానికి ద్రోహమనీ అనుకుని ఉంటావు.

రెండో భాగం చూడబోయే అభిమాని వట్టి చేతులతో వెళ్ళదు. మొదటి భాగంలో తిన్న రుచి నాలుక మీద ఉంచుకునే వెళుతుంది. అదే మరొకసారి వడ్డించమని అడుగుతుంది. అదే వడ్డిస్తే కొత్తగా ఏముందని కూడా అడుగుతుంది. ఈ చిక్కు సీక్వెల్ తీసే ప్రతివాడికీ తెలిసినదే. ఈ కథ దాన్ని వింతగా ఎదుర్కొన్నది: నీకు ఇష్టమైనవాడిని నీ ముందునుంచి తీసేసి, బెల్లా ఎదురుచూసినట్లే నిన్నూ ఎదురుచూడమన్నది. నువ్వు నిమిషాలు లెక్కపెట్టుకున్న వేళ బెల్లా నెలలు లెక్కపెట్టుకుంటున్నది. కుర్చీలో కదలకుండా కూర్చున్న ఆమె చుట్టూ కెమెరా తిరుగుతుంటే, కిటికీ అవతల ఋతువులు మారుతుంటాయి, అక్టోబరు, నవంబరు, డిసెంబరు అని అక్షరాలు వచ్చిపోతుంటాయి. ఈ సినిమాకు మూలమైన నవలలో స్టెఫనీ మేయర్ ఆ నెలల పేర్లు మాత్రమే అచ్చువేసి పేజీలు ఖాళీగా వదిలేసింది. అచ్చులోని ఖాళీని తెర మీదకు ఎలా తేవాలన్నది దర్శకుడికి ఎదురైన అసలు ప్రశ్న, ఆ తిరిగే కెమెరా దానికి ఆయన ఇచ్చిన జవాబు. ఆ దృశ్యానికి నువ్వు ఇచ్చిన స్థలం “కొన్ని నెలలు గడిచాయి” అన్న మూడు మాటలు. ఇక్కడ ఒక పూర్తి పేజీ రాయి. ఆ కుర్చీ ఎటు తిరిగి ఉన్నదో, ఆమె ఏమి చూస్తున్నదో, అప్పుడు నీ గదిలో ఏమి వినిపిస్తున్నదో రాయి.

విరహాన్ని విప్రలంభమన్న పేరుతో మన అలంకారికులు శృంగారంలోనే ఒక సగంగా లెక్కించారని నీకు డిగ్రీలో చెప్పే ఉంటారు. ‘విక్రమోర్వశీయం’ నాలుగో అంకం ఒకసారి తిరగవేయి. మృత్యువు లేని ఊర్వశిని పోగొట్టుకున్న మానవుడు పురూరవుడు అడవిలో పిచ్చివాడై, నెమలినీ కోకిలనూ హంసనూ ఏనుగునూ ఆమె జాడ అడుగుతాడు. ఆమె అదే అడవిలో తీగగా మారి ఉంటుంది. ఇక్కడ స్త్రీ పురుషుల స్థానాలు తారుమారయ్యాయి, ఏనుగుకు బదులు మోటారు సైకిలు వచ్చింది, అంతే. ప్రాణం మీదకు తెచ్చుకున్నప్పుడల్లా బెల్లాకు ఎడ్వర్డ్ రూపం పొగలాగా కనిపిస్తుంది. నవలలో ఆమెకు గొంతు మాత్రమే వినిపిస్తుంది, రూపం కనిపించదు. సినిమాలో ఎందుకు కనిపించింది? నీలాంటి అభిమానులు రెండు గంటలు అతని ముఖం చూడకుండా కూర్చోరని తీసినవారు భయపడి ఉంటారని నా ఊహ. ఆ పొగమనిషి కనిపించినప్పుడు నీకు ఊరట కలిగిందా, వట్టి గొంతే బాగుండేదని అనిపించిందా? నువ్వు నవలా చదివావు, సినిమా కూడా చూశావు. ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలసినది నువ్వే.

ఎడ్వర్డ్ “కొన్ని కారణాల వల్ల” వెళ్ళిపోయాడని రాశావు. కారణం ఒకటే, అది చాలా చిన్నది. పద్దెనిమిదో పుట్టినరోజున కానుక మీది కాగితం విప్పుతుంటే బెల్లా వేలు తెగి, ఒక్క చుక్క రక్తం వచ్చి, దాన్ని చూసి ఎడ్వర్డ్ ఇంటిలోని మరో వాంపైర్ జాస్పర్ ఆమె మీదకు దూకుతాడు. ప్రేమించినవాడి ఇంటిలో, అతని అన్నదమ్ముల మధ్య, కాగితపు అంచు కూడా తనకు ప్రమాదమేనని ఆ పిల్లకు తెలిసే క్షణం అది. “కొన్ని కారణాలు” అన్న మాట ఆఫీసు అర్జీలలో పనికి వస్తుంది. నువ్వు ఆ కాగితాన్ని చూపించు.

మాటల సంగతి కూడా చెప్పాలి. వ్యాసం పొడుగునా “రక్తపిశాచి” అని రాశావు. ఆ మాట వినగానే తెలుగు పాఠకుడికి పాదాలు వెనక్కు తిరిగిన ఆకారం ఒకటి చింతచెట్టు మీద కనిపిస్తుంది. దానితో ఎవరైనా ప్రేమలో పడ్డారంటే నవ్వు వస్తుంది. చందమామ చదివి పెరిగిన నాబోటివాడికి శవంలో దూరి కథలు చెప్పే బేతాళుడు గుర్తుకు వస్తాడు, ఆయనకు కూడా ప్రేమతో పనిలేదు. మీరంతా మాట్లాడుకునేటప్పుడు వాంపైర్ అనే అంటారు గనుక అలాగే రాయి. ఇంకొకటి: ఎండ తగిలితే వాంపైర్ చస్తాడన్నది ఆది నుంచీ ఉన్న నమ్మకమని నాలుగో పేజీలో ఢంకా బజాయించావు. 1897లో బ్రామ్ స్టోకర్ సృష్టించిన డ్రాక్యులా పట్టపగలు లండను వీథిలో కనిపిస్తాడు, పగటివేళ శక్తులు తగ్గుతాయి, అంతే. ఎండకు చచ్చిపోవడాన్ని జనం మనసులో నాటినది 1922 నాటి జర్మన్ మూకీ ‘నోస్ఫెరాటు’. కనుక మేయర్ వాంపైర్లు ఎండలో తళతళ మెరిస్తే సంప్రదాయం మంట కలిసిందని గుండెలు బాదుకునేవారికి నువ్వు వెరవనక్కరలేదు. పైగా ఈ రెండో భాగంలో కథ ముడి అంతా ఆ మెరుపులోనే ఉన్నది. బెల్లా చనిపోయిందన్న తప్పు కబురు నమ్మి, ఇటలీలోని వోల్టెర్రాలో మిట్టమధ్యాహ్నం జనం మధ్యకు ఎండలోకి నడిచి, తాను వాంపైర్‌నని బయటపెట్టుకున్న నేరానికి, వాంపైర్లను శాసించే వోల్టూరీల చేతిలో చావాలని ఎడ్వర్డ్ నిశ్చయించుకుంటాడు. ఎర్రటి వస్త్రాల గుంపును చీల్చుకుంటూ బెల్లా పరుగెత్తడం నువ్వు బాగా రాశావు. అక్కడ పెన్సిలు పెట్టలేదు.

మొదటి భాగంలోని “ఫీల్” ఇందులో లేదని ఒకచోట నిట్టూర్చి ఊరుకున్నావు. దర్శకులు మారారు, కేథరిన్ హార్డ్‌విక్ స్థానంలో క్రిస్ వైట్జ్ వచ్చాడు. సంగీతం కార్టర్ బర్వెల్ నుంచి అలెగ్జాండర్ డెస్ప్లాకు మారింది. అంతకంటే ముందు రంగు మారింది. మొదటి దానిలో తెరంతా నీలం పులుముకుని ఉంటే, ఇందులో పసుపు వెచ్చదనం వచ్చింది. నీకు వెలితిగా తోచినది వీటిలో దేనివల్లనో మళ్ళీ చూసి తేల్చుకో.

బెల్లాను ఇష్టపడే స్నేహితుడు జేకబ్ దగ్గర నువ్వు అన్యాయం చేశావు. టీమ్ ఎడ్వర్డ్ అని చేతి మీద రాసుకుని తిరిగిన కాలంలో జేకబ్‌ను తిట్టుకోవడం ముచ్చటే కావచ్చు, వ్యాసంలో అది చెల్లదు. నాకు ఇరవై రెండేళ్ళప్పుడు నా అభిమాన నటుడి సినిమా మీద ఒక పత్రికకు ఆరు పేజీల సమీక్ష రాశాను. పోటీ నటుడి అభిమానులను వెక్కిరించడానికే అందులో రెండు పేజీలు ఖర్చుచేశాను. సంపాదకుడు దాన్ని నాలుగు వాక్యాలకు కోసి వేశాడు. మిగిల్చిన నాలుగూ ప్రతినాయకుడిగా వేసిన మనిషి గురించి రాసినవే. అప్పుడు కోపం వచ్చింది. ఏడాది తరువాత చదువుకుంటే, నేను కళ్ళు తెరిచి చూసినది ఆ ఒక్క వేషాన్నేనని తెలిసింది. నాయకుడి మీద ప్రేమతో అతన్ని చూడడమే మరిచిపోయాను. అందుకే చెబుతున్నాను, తుక్కు బళ్ళను విప్పి మళ్ళీ బిగిస్తూ, మాట కూడా కదపలేని పిల్లను మెల్లగా నవ్వించిన ఆ కుర్రవాడి షెడ్డు గురించి, అతన్ని ఇష్టపడని నువ్వు శ్రద్ధగా రాయి. ఆ తరువాత కూడా ఎడ్వర్డే కావాలని అంటే, ఆ మాటకు బరువు ఉంటుంది.

నువ్వు అసలు ప్రస్తావించనే ప్రస్తావించని దృశ్యం సినిమా మొదట్లోనే ఉన్నది. బెల్లా కలలో పచ్చిక మైదానం మధ్య ఆమె అమ్మమ్మ నిలబడి ఉంటుంది. ఎడ్వర్డ్ వచ్చి పక్కన నిలబడ్డాక, ఎదురుగా ఉన్నది అమ్మమ్మ కాదనీ, ముడతలు పడిన తన రూపమేననీ బెల్లాకు తెలుస్తుంది. 1901లో పుట్టి 1918లో స్పానిష్ ఫ్లూ మంచం మీద నుంచి వాంపైర్‌గా లేచినవాడు ఎప్పటికీ పదిహేడేళ్ళవాడే. ఈ పిల్లేమో పద్దెనిమిది దాటుతోంది. ఇరవయ్యేళ్ళ నీ కంటికి ఆ కల ఆనలేదు, తప్పు లేదు. నా కంటికి ఆనింది. మా మనవరాలు పక్కనే కూర్చుని ఉండగా, ముసలి ముఖం కనిపించగానే తెర మీది పిల్ల అంతగా బెదిరిపోవడం చూసి, కాసేపు నాకు చిన్నతనంగా అనిపించింది, తరువాత నవ్వు వచ్చింది. అదే ఆలోచనతో చూస్తే, అతని రూపం కనిపించడం కోసం కొండ మీది నుంచి సముద్రంలోకి దూకిన పిల్లను చూసి నా కడుపులో దేవినట్లయింది. నువ్వు దాన్ని “పిచ్చి ప్రేమ” అని మురిసిపోతూ దాటేశావు. నాలాగా రాయమని అనను, నీతులు చెప్పమనీ అనను. చూస్తున్నప్పుడు నీకు ఎక్కడైనా ఒక క్షణం జంకు కలిగి ఉంటే దాన్ని దాచకు. కలగకపోతే కలగలేదనే రాయి.

ముగింపు గురించి నీ కోపం మాత్రం నాకు నచ్చింది. పెళ్ళి చేసుకోమని ఎడ్వర్డ్ అడగగానే, జవాబు వినిపించకుండానే తెర చీకటైపోవడాన్ని మోసం అన్నావు. మా రోజుల్లో వారపత్రిక సీరియల్ సరిగ్గా ఇలాంటి చోటనే “సశేషం” అని ఆగేది. తరువాతి సంచిక కోసం గుంటూరు స్టేషను బయట పత్రికల కొట్టు దగ్గర తెల్లవారుజామున నిలబడి తిట్టుకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. అలా తిట్టుకుంటూనే చిల్లర తీసి ఇచ్చేవాళ్ళం. ఆ పేరా అలాగే ఉంచు, మూడో భాగం ఆ రాత్రే చూశానన్న నిజాన్ని కూడా దానికి చేర్చు. ఎలా తెలుసునంటావా? పన్నెండో పేజీ అట్టడుగున ఆ సినిమా నిడివి లెక్క వేసుకుని చెరపడం మరిచిపోయావు.

వ్యాసాన్ని కొట్టేసిన ఆ వాక్యంతో మొదలుపెట్టి తిరగరాయి, పన్నెండు పేజీలు ఏడయినా ఫరవాలేదు. వచ్చే ఆదివారం తీరిక ఉంటే బస్సెక్కి వచ్చి చదివి వినిపించు, భోజనం ఇక్కడే. ఒక్క హెచ్చరిక: మా మనవరాలు జేకబ్ పక్షం. నువ్వు వస్తున్నావని చెప్పగానే వాదనకు సిద్ధమై కూర్చున్నది.

ఇట్లు,
మీ మాస్టారు