పాఠకుల ప్రశ్నలు: అలల ఊరిలో ఒంటరిగా ఒక రోజు

ప్రశ్న: ఉద్యోగరీత్యా నేను తరచూ ఒంటరిగా ప్రయాణాలు చేస్తుంటాను. త్వరలో వెళ్లబోయే చోటికి దగ్గరలో, బోర్డు మీద నిలబడి అలలపై జారే సర్ఫింగ్‌కు పేరున్న ఒక చిన్న సముద్రతీర పట్టణం ఉంది. పని ముగిశాక ఒక రోజు అక్కడ సేద తీరాలని ఉంది. అయితే చూడవలసినవీ చేయవలసినవీ రాసుకుంటూ పోయేసరికి ఆ జాబితాకు రెండు రోజులు కూడా చాలేలా లేవు. నాకు సర్ఫింగ్ రాదు, ఈత కొద్దిగా వచ్చు. ఆ ఒక్క రోజును ఎలా గడిపితే బాగుంటుంది?

జవాబు: ముందుగా ఆ జాబితాను పక్కన పెట్టండి. సర్ఫింగ్ ఊళ్లలో జనం లేచే వేళ, తిరిగే వేళ, నీళ్లలోకి దిగే వేళ అన్నీ గాలిని బట్టి, ఆటుపోట్లను బట్టి నిర్ణయమవుతాయి. ఆ రెండింటి సంగతి కాస్త తెలుసుకుని వాటి వెంట నడిస్తే మీ రోజు దానంతట అదే ఒక క్రమంలో పడుతుంది.

పెందలాడే లేవడం ఒక్కటే మీరు పడవలసిన శ్రమ. రాత్రివేళ నేల సముద్రం కన్నా త్వరగా చల్లబడుతుంది కాబట్టి తెల్లవారుజామున గాలి తరచుగా నేల మీది నుంచి సముద్రం వైపు వీస్తుంది. ఒడ్డుకు వస్తున్న అలకు అది ఎదురుగాలి. అల వెంటనే కూలిపోకుండా నిలువుగా లేచి నిలబడేలా, దాని ముఖం నునుపుగా ఉండేలా చేస్తుంది. సర్ఫర్లు పొద్దు పొడవక ముందే బోర్డులు చంకన పెట్టుకుని ఒడ్డుకు చేరేది అందుకే. పొద్దెక్కి నేల వేడెక్కాక గాలి తిరగబడి సముద్రం మీది నుంచి వీస్తుంది, అలల మీద ముడతలు పడతాయి, అవి చిందరవందరగా విరుగుతాయి. పది గంటలకు తాపీగా వచ్చేవారికి తీరంలో కనిపించేది అయిపోయిన ఆట మాత్రమే.

ఆ ఉదయపు వేళ ఒడ్డున ఎక్కడైనా కాస్త ఎత్తైన చోట కూర్చోండి. ఊరికే చూస్తే సముద్రం పావుగంటలో విసుగనిపిస్తుంది. చూడటం తెలిస్తే రెండు గంటలైనా చాలవు. వచ్చిన సర్ఫర్లు వెంటనే దిగిపోరు. బోర్డు ఇసుకలో పెట్టి, దాని మీద గుండ్రంగా మైనం రుద్దుతూ చాలాసేపు సముద్రాన్నే గమనిస్తారు. ఆ మైనం వేగం కోసం అడుగున రాసేదని చాలామంది అనుకుంటారు గాని, నిజానికి పాదాలు జారకుండా పైభాగాన రుద్దుతారు. వాళ్లు చూస్తున్నదేమిటంటే, అలలు గుంపులుగా వస్తాయి. కాసేపు నీరు దాదాపు నిశ్చలంగా ఉండి, ఆ తర్వాత నాలుగైదు పెద్ద అలలు వరుసగా లేస్తాయి, మళ్లీ విరామం. ఆ వరస ఎప్పుడు వస్తున్నదో, సరిగ్గా ఎక్కడ విరుగుతున్నదో పట్టుకోవడమే వారి పని.

మీరు కూడా ఒక లెక్క వేసి చూడవచ్చు. నీళ్లలో కనిపించే ఏ రాయినో గురుతు పెట్టుకుని, ఒక అల దాన్ని దాటిన తర్వాత మరో అల దాటడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూడండి. 5 నుంచి 7 సెకన్లకు ఒకటి వస్తుంటే అవి దగ్గరి గాలులు పుట్టించిన అలలు. 13, 14 సెకన్లు పడుతుంటే అవి ఎంతో దూరాన ఏదో తుపాను రేపగా, ఆ గాలి ఆగిపోయాక కూడా ప్రయాణిస్తూ వచ్చినవి. సముద్ర శాస్త్రవేత్త వాల్టర్ మంక్ బృందం 1963లో అంటార్కిటికా వైపు తుపానుల్లో పుట్టిన అలలను పసిఫిక్ పొడవునా అలాస్కా దాకా వెంబడించి నమోదు చేసింది. మీ ముందు విరుగుతున్న అలకు కూడా అటువంటి చరిత్ర ఉండవచ్చు. అడుగున లోతు తన ఎత్తుకు సుమారు 1.3 రెట్లకు తగ్గేసరికి, కింది నీరు నేల తాకి నెమ్మదించగా పైభాగం ముందుకు తూలి అది విరుగుతుంది. నురగ ఎక్కడ మొదలవుతుందో చూస్తే చాలు, కింద ఇసుకమేట ఎక్కడుందో ఒడ్డున కూర్చునే చెప్పవచ్చు.

మధ్యాహ్నం నీడ పట్టున ఉండండి; పుస్తకమో నిద్రో మీ ఇష్టం. పది నుంచి నాలుగు గంటల మధ్య ఎండ తీవ్రంగా ఉంటుంది, ఇసుకా నీరూ దాన్ని మళ్లీ మీ మీదికే కొడతాయి. గాలి చల్లగా తగలడం వల్ల చర్మం కమిలిన సంగతి సాయంత్రం దాకా తెలియదు. సన్‌స్క్రీన్ ప్రతి రెండు గంటలకూ, నీళ్లలోంచి వచ్చిన ప్రతిసారీ మళ్లీ రాసుకోవలసిందే.

సాయంత్రపు నడకను ఆటు వేళకు కుదుర్చుకోండి. నీరు వెనక్కి తగ్గినప్పుడు బయటపడే తడి ఇసుక గట్టిగా ఉండి కాలు దిగబడదు. చాలా తీరాల్లో ఒక పోటుకూ తర్వాతి పోటుకూ మధ్య 12 గంటల 25 నిమిషాలు పడుతుంది కనుక ఆ వేళ రోజురోజుకూ జరుగుతుంది. ఆ రోజు పట్టికను బస దగ్గర అడిగి తెలుసుకోండి. ఆటు మధ్యాహ్నమే పడితే ఆ నడక వదులుకోండి, నష్టమేమీ లేదు.

ఇక సర్ఫింగ్ పాఠం విషయం. సేద తీరడమే ఉద్దేశమైతే వద్దనే చెబుతాను. మొదటి పాఠంలో 8, 9 అడుగుల మెత్తని ఫోమ్ బోర్డు ఇచ్చి నడుములోతు నురగలోనే నేర్పుతారు కాబట్టి భయపడవలసింది పెద్దగా లేదు గాని, బోర్డు మీద బోర్లా పడుకుని చేతులతో నీటిని వెనక్కి తోయడంలో భుజాలు పట్టేస్తాయి. తీరని కోరిక అయితే ఉదయం పాఠానికి వెళ్లి, మిగిలిన రోజంతా ఇంకేమీ పెట్టుకోకండి.

ప్రశ్న: తీరంలో అందరూ జట్లు జట్లుగా ఉంటారు. ఒంటరిగా కూర్చుంటే అందరూ నన్నే చూస్తున్నట్టు ఉంటుంది. ఈ బిడియం పోయేదెలా?

జవాబు: సర్ఫింగ్ తీరం ఈ విషయంలో మిగతా తీరాల కన్నా నయం. అక్కడ ఒంటరిగా కూర్చుని సముద్రాన్ని చూడటం పనిలేనివారి పని కాదు, పని ఉన్నవారి పని. నీళ్లలో ఉన్నవారు సైతం బోర్డుల మీద ఎవరికి వారు కూర్చుని ఎక్కువసేపు ఎదురుచూస్తూనే ఉంటారు. మాట కలపాలనిపిస్తే ఈ రోజు అలలు ఎలా ఉన్నాయని అడగండి. ఆ ప్రశ్నకు పొడిగా జవాబిచ్చే సర్ఫరు అరుదు.

ప్రశ్న: తోడు లేకుండా నీళ్లలోకి దిగవచ్చా? వస్తువులు ఎవరికి అప్పగించాలి?

జవాబు: లైఫ్‌గార్డు కాపలా ఉన్నచోట, ఉన్న వేళల్లో అయితే దిగవచ్చు, లేనిచోట ఈత బాగా వచ్చినవారు కూడా ఒంటరిగా దిగరాదు. చాలా దేశాల్లో పైన ఎరుపు, కింద పసుపు ఉన్న రెండు జెండాల మధ్య భాగం స్నానానికి కేటాయించినది. నలుపు తెలుపు గళ్ల జెండాలు ఉన్నచోటు బోర్డులది, అటు వెళ్తే దెబ్బలు తగులుతాయి.

కొత్తవారు మోసపోయేది ఒకచోట. ఇరువైపులా అలలు విరుగుతుండగా మధ్యలో ఒక పాయ మాత్రం ముదురు రంగులో ప్రశాంతంగా కనిపిస్తుంది. దిగడానికి అదే అనువైన చోటనిపిస్తుంది గాని, ఒడ్డుకు చేరిన నీరంతా తిరిగి లోపలికి పోయే దారి సాధారణంగా అదే. దీన్ని రిప్ కరెంట్ అంటారు. అందులో చిక్కితే ఒడ్డు వైపు ఎదురీదకండి, ఎంతటివారికైనా బలం చాలదు. అది మనిషిని కిందికి లాగదు, దూరంగా మాత్రమే తీసుకుపోతుంది. కాబట్టి వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి సహాయం కోరండి. ఓపిక ఉంటే ఒడ్డుకు సమాంతరంగా ఈది పాయ దాటాక, అలలు విరిగేచోటు నుంచి వెనక్కి రండి.

విలువైన వస్తువులు బసలోనే వదిలి, తాళంచెవి ఒక్కటి జలనిరోధక సంచిలో ఒంటికి కట్టుకోండి. ఎప్పటికి తిరిగి వస్తారో బసలో ఒకరికి చెప్పండి. దిగబోయే ముందు లైఫ్‌గార్డు దగ్గరికి వెళ్లి, ఒంటరిగా వచ్చారని చెప్పి, ఎక్కడ దిగమంటారని అడగండి. వద్దంటే ఇక వాదించవద్దు.