మేడమ్, అది సిక్సా ఎయిటా?

ప్రశ్న: మేడమ్ గారూ నమస్తే. మెగా డీఎస్సీలో నాకు మ్యాథ్స్ స్కూల్ అసిస్టెంట్ పోస్టు వచ్చింది. ఆనందపురం దాటాక ఒక హైస్కూల్లో చేస్తున్నాను, రోజూ మద్దిలపాలెం నుంచి బస్సులో వెళ్లి రావడం. మా స్కూల్లో రెండు గదుల్లో టచ్ ప్యానల్స్ ఉన్నాయి, మిగతావన్నీ నల్లబల్లలే, బీరువాలో ఒక పాత ప్రొజెక్టర్ ఉంది. జీతంలో దాచుకున్నవి 35 వేలు ఉన్నాయి. మా తమ్ముడేమో ట్యాబ్ కొను, పెన్నుతో రాయొచ్చు, బ్యాగులో పడుతుంది అంటాడు. స్టాఫ్ రూములో సీనియర్ సార్లేమో ల్యాప్‌టాప్ లేకపోతే ఏ పనీ అవదమ్మా అంటారు. రెండూ కొనే స్తోమత లేదు. ఏటి కొనమంటారు?
- ఒక లెక్కల టీచర్, మద్దిలపాలెం

జవాబు: అమ్మా, ముందు కంగ్రాట్స్. 16,347 పోస్టుల కోసం ఎంతమంది ఎన్నేళ్ళు ఎదురుచూశారో మాకు తెలుసు, మా వీధిలోనే ముగ్గురు రాశారు. నా కూతురి వయసుంటుంది కాబట్టి నువ్వు అనే అంటున్నా, ఏమనుకోకు.

ఈ ప్రశ్న నాకు నెలకి రెండు మూడు వస్తాయి, అందరూ చేతిలో పట్టుకునే వస్తువు గురించే అడుగుతారు, గోడ మీద ఏం పడుతుంది, ఎలా పడుతుంది అని ఒక్కరూ అడగరు. పిల్లలు చూసేది గోడనే కదా. నేను కూడా అడక్కుండానే కొని బుద్ధి తెచ్చుకున్నదాన్నే. ప్రైవేటు స్కూల్లో కంప్యూటర్ టీచర్‌గా చేసే రోజుల్లో ఊళ్ళో ఒక షాపులో, పేరెందుకులే, పది అంగుళాల ట్యాబ్ ఒకటి ముచ్చటపడి కొన్నా, టీవీకి పెట్టుకోవచ్చా బాబూ అంటే ఆ కుర్రాడు భేషుగ్గా పెట్టుకోవచ్చు మేడమ్ అని ట్యాబ్ ఛార్జింగ్ రంధ్రమైన టైప్ సి నుంచి టీవీ, ప్రొజెక్టర్ల వైరు హెచ్‌డీఎంఐకి మార్చే డాంగిల్ కూడా అంటగట్టాడు. మర్నాడు తొమ్మిదో తరగతిలో వైరు పెట్టా. నో సిగ్నల్. తీసి పెట్టా, నో సిగ్నల్. తిప్పి పెట్టా, టీవీ ఆపి వేశా, డాంగిల్‌ని చీరకొంగుతో తుడిచి కూడా పెట్టా, వెనకాల నలభైమంది కిచకిచలాడుతున్నారు, పది నిమిషాలు పోయాయి, చివరికి చాక్‌పీసే గతి. తర్వాత తెలిసిందేంటంటే టైప్ సి రంధ్రం చూడ్డానికి అన్నిటికీ ఒకేలా ఉంటుంది గానీ లోపల వీడియో బయటికి పంపే ఏర్పాటు కొన్నిటికే ఉంటుంది, మిగతా వాటికి ఆ రంధ్రం ఛార్జింగుకీ ఫైళ్ళు ఎక్కించుకోడానికీ మాత్రమే. శామ్‌సంగ్‌లో చవకగా వచ్చే ఎ సిరీస్ ట్యాబ్‌లకి అది ఉండదు. ఎస్ అని పేరున్నా ఎస్6 లైట్‌కి ఉండదు, పెన్ను మాత్రం డబ్బాలోనే ఇస్తాడు, అందుకే చాలామంది టీచర్లు మోసపోతారు దానితో. మామూలు ఐప్యాడ్‌కి 2022లో వచ్చిన పదో తరం నుంచి టైప్ సి ఇచ్చాడు, దానికి వీడియో వస్తుంది, కానీ పెన్సిల్ విడిగా కొనాలి, నీ 35 వేలు అక్కడికే చెల్లు. అంచేత ఏ షాపుకెళ్ళినా కేబుల్ నీ బ్యాగులోంచే తీసి, అక్కడ గోడకున్న టీవీకి పెట్టి, బొమ్మ పడ్డాకే డబ్బు తియ్యి. పెట్టనివ్వకపోతే ద్వారకానగర్‌లో షాపులకేం కరువు, పక్కదానిలోకి వెళ్ళు.

వైరు లేకుండా వేసుకోవచ్చు కదా అంటాడు మీ తమ్ముడు. వేసుకోవచ్చు, ఇంట్లో. చాలా రకాల్లో ట్యాబూ టీవీ రెండూ ఒకే వైఫైలో ఉండాలి, మిరాకాస్ట్ అనేదానికి వైఫై రూటర్ అక్కర్లేదు గానీ అది కూడా ఒకరోజు కలుస్తుంది ఒకరోజు కలవదు, కలిసినా పెన్ను ఇక్కడ గీస్తే గీత అక్కడ కాస్త ఆలస్యంగా పడుతుంది, లెక్క చెప్పేటప్పుడు అది భలే చిరాకు. గూగుల్ డేటా సెంటర్ మన వైజాగ్‌కే వస్తోందని 2025 అక్టోబర్లో ప్రకటించారు, సంతోషమే, మీ తొమ్మిదో తరగతి గదిలోకి వైఫై వచ్చేదాకా మాత్రం వైరునే నమ్ముకో.

ఇక ఆ రెండు ప్యానల్ గదుల సంగతి. అక్కడికి అసలు ఏదీ మోసుకెళ్ళక్కర్లేదు, ఆ ప్యానలే ఒక పెద్ద ఆండ్రాయిడ్ ట్యాబ్ లాంటిది. పెన్‌డ్రైవ్‌లో పీడీఎఫ్‌లు వేసుకెళ్ళి గుచ్చు, రాయాలంటే దాని మీదే వేలితో రాయి. ఒకవేళ నీ ల్యాప్‌టాప్‌ని దానికి కలపాలనుకుంటే హెచ్‌డీఎంఐ ఒక్కటే పెట్టి ఊరుకోకు, ఆ ప్యానల్‌తో పాటు ఇంకో యూఎస్‌బీ వైరు వచ్చి ఉంటుంది, టచ్ అని రాసి ఉన్న రంధ్రంలోంచి నీ ల్యాప్‌టాప్‌కి పెడితే ప్యానల్ మీద వేలు పెట్టినచోట ల్యాప్‌టాప్‌లో మౌస్ పెట్టినట్టు అవుతుంది. జియోజీబ్రా అనే లెక్కల సాఫ్ట్‌వేర్లో ఎక్స్ ముందు ఉన్న గుణకాన్ని వేలితో జరిపి సరళరేఖ వాలు మారడం చూపిస్తే ఎనిమిదో క్లాసు పిల్లలు నోరెళ్ళబెడతారు. చాలా స్కూళ్ళలో ఆ వైరు డబ్బాలోనే ఉండిపోయింది, మీ హెచ్ఎం గారిని అడిగి వెతికించు.

సరే అసలు విషయానికి వద్దాం, నువ్వు లెక్కల టీచర్‌వి. లెక్కంటే స్లైడ్ కాదు, స్టెప్పు తర్వాత స్టెప్పు పిల్లల కళ్ళముందు రాయాల్సిందే, అంచేత పెన్ను కావాలి, అక్కడ మీ తమ్ముడు చెప్పింది నూటికి నూరు పాళ్ళు రైటు. రబ్బరు మొన ఉన్న చవక స్టైలస్‌లు వద్దు, అవి వేలితో సమానం, అరచెయ్యి ఆనించగానే పిచ్చి గీతలు పడతాయి. నేను ఒకసారి ట్యాబ్ మీద ముచ్చటగా సన్న గీతతో భిన్నాల లెక్క చేసి ప్రొజెక్టర్లో చూపిస్తుంటే ఆఖరి బెంచీ నుంచి ఒక గుంటడు లేచి మేడమ్, అది సిక్సా ఎయిటా అన్నాడు. నా చేతిలో చక్కగా కనిపిస్తోంది, వాడికి ముప్ఫై అడుగుల దూరంలో కిటికీ ఎండలో చీమకాళ్ళలా ఉంది. ఆ రోజు నుంచి ఏ గదిలోనైనా ముందు ఒక లైను రాసి నేనే వెళ్ళి ఆఖరి బెంచీలో కూర్చుని చూసుకునేదాన్ని. నువ్వూ చెయ్యి.

సీనియర్ సార్లు చెప్పిందీ తప్పు కాదు. పాఠం చెప్పడం రోజుకి ఐదు పీరియడ్లు, మిగతా టైమంతా నీకు పేపర్లు తయారుచెయ్యడం, మార్కులు ఎక్సెల్లో కొట్టడం, ఎవరో అడిగిన స్టేట్‌మెంటు సాయంత్రంలోగా పంపడం. మార్కుల షీటులో నలభై పేర్లు, ఆరు కాలమ్స్, ట్యాబ్ మీద వేలితో ఒకసారి కొట్టి చూడు, రెండోసారి కొట్టవు. పైగా మైక్రోసాఫ్ట్ ఆఫీస్ యాప్‌లో 10.1 అంగుళాల లోపు స్క్రీన్లకే ఫ్రీగా ఎడిటింగ్, అంతకంటే పెద్ద ట్యాబ్ కొంటే మార్పులు చేయడానికి డబ్బు కట్టాలి. పెద్దది కొన్నామని సంబరపడితే అక్కడ తేలుతుందన్నమాట.

అంచేత నా మాట ఇది. ల్యాప్‌టాప్ కొను, పక్కన చిన్న పెన్ ట్యాబ్లెట్ ఒకటి కొను. ట్యాబ్ కాదు, పెన్ ట్యాబ్లెట్, అంటే స్క్రీన్ లేని నల్ల పలక, యూఎస్‌బీతో ల్యాప్‌టాప్‌కి పెడితే పలక మీద రాసింది స్క్రీన్లో పడుతుంది, 2020లో స్కూళ్ళు మూతపడ్డప్పుడు లెక్కల మాస్టార్లు చాలామంది ఇదే కొని జూమ్‌లో పాఠాలు చెప్పారు. వాకమ్, హ్యూయాన్, ఎక్స్‌పీ పెన్ వాళ్ళవి చిన్న సైజువి రెండు మూడు వేల నుంచే దొరుకుతాయి. మొదటి వారం చెయ్యి ఒకచోట కన్ను ఒకచోట అయి అక్షరాలు ఎల్‌కేజీ పిల్లల్లా వస్తాయి, భయపడకు, అలవాటయ్యాక మామూలే. బరువు ఒక్కటే బాధ, ల్యాప్‌టాప్ కిలోన్నర పైనే ఉంటుంది, ట్యాబ్ అరకిలో. బస్సులో నిలబడి వెళ్తావు కాబట్టి 14 అంగుళాలది చూడు, 15.6 వద్దు.

మిగిలిన 32 వేలకి కొత్తది మంచిది దొరక్కపోతే పెద్ద ఆఫీసుల్లో వాడి ఇచ్చేసినవి సెకండ్ హ్యాండ్‌లో తీసుకో, నాకైతే అవే గట్టిగా ఉంటాయనిపిస్తుంది. కానీ ఒకటి జాగ్రత్త, విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో సపోర్టు ఆపేసింది, అప్పట్నుంచి చవకగా అమ్ముతున్న పాత వాటిలో చాలామటుకు విండోస్ 11 ఎక్కనివే. ఇంటెల్ అయితే ఎనిమిదో తరం లేదా ఆ పైన ఉండాలి, 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ, ఇంతకి తగ్గితే వదిలేయి. హెచ్‌డీఎంఐ రంధ్రం మామూలు సైజుది ల్యాప్‌టాప్‌కే ఉండాలి. మీ బీరువాలో ప్రొజెక్టర్ పాతది అంటున్నావు, దానికి నీలం రంగు విజిఏ రంధ్రమే ఉందేమో ముందు చూసుకుంటే కొన్ని వందల్లో కన్వర్టర్ కొనుక్కోవచ్చు. కలిపాక బొమ్మ పడకపోతే కంగారు పడకుండా విండోస్ మీటా పీ కలిపి నొక్కి డూప్లికేట్ ఎంచుకో. క్లాసు మధ్యలో అప్‌డేట్ అంటూ గిరగిరా తిరగడం మొదలెడితే ఎవరూ ఆపలేరు, కాబట్టి సోమవారం క్లాసుకి ఆదివారం రాత్రే ఇంట్లో నెట్ పెట్టి కానిచ్చెయ్యి.

ఇంకొక్క మాట, ఇది నాకు భలే ఇష్టం. నీ ఫోన్ ఉంది కదా, అది ఆండ్రాయిడ్ అయితే ఎస్‌సీఆర్‌సీపీవై (scrcpy) అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఒకటుంది, ఫోన్ డెవలపర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, ఛార్జింగ్ వైరుతో ల్యాప్‌టాప్‌కి పెట్టి అది వేస్తే ఫోన్ స్క్రీన్ మొత్తం ల్యాప్‌టాప్‌లో కనిపిస్తుంది, నెట్ అక్కర్లేదు. ఫోన్ కెమెరా ఆన్ చేసి రెండు పుస్తకాల దొంతరల మధ్య స్కేలు పెట్టి దాని మీద ఫోన్ పడుకోబెట్టి, కింద ఒక పిల్ల నోటుబుక్కు పెట్టు. వాళ్ళ క్లాసు అమ్మాయి చేసిన లెక్క గోడంత పెద్దదై కనిపిస్తే మిగతా పిల్లలు చూసే చూపే వేరు, మైనస్ బ్రాకెట్ లోపలికి వెళ్ళినప్పుడు గుర్తు మార్చలేదని వాళ్ళే పట్టేస్తారు. పేరు రాసిన అట్ట మాత్రం కనపడనివ్వకు.

ప్రశ్న: మేడమ్, నేను భీమిలి దగ్గర ప్రైమరీ స్కూల్లో రెండో తరగతి చెప్తాను. నా దగ్గర ట్యాబ్ ఉంది. మా వారు అది అమ్మేసి ల్యాప్‌టాప్ తీసుకోమంటున్నారు. మార్చమంటారా?
- ఒక ఎస్జీటీ, భీమిలి

జవాబు: వద్దండీ. రెండో తరగతికి మీరు కుర్చీలో కూర్చుని చెప్పరు, నేల మీద కూర్చున్న పిల్లల మధ్య తిరుగుతూ చెప్తారు, అలాంటి చోట ల్యాప్‌టాప్ బల్లకి కట్టేసిన ఆవు లాంటిది. ఐదుగురేసి పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టి చూపించడానికి ట్యాబే బాగుంటుంది. పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్‌లని దీక్ష యాప్‌తో ఇంట్లోనే స్కాన్ చేసి వీడియోలు డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, స్కూల్లో నెట్ అక్కర్లేదు. సౌండు సరిపోదు, ఒక చిన్న బ్లూటూత్ స్పీకర్ తీసుకోండి. మీది సముద్రం ఒడ్డు కాబట్టి ఇంకో సంగతి, ఉప్పు గాలికి ఛార్జింగ్ రంధ్రంలో లోహం పాడవుతుంది, మా ఇంట్లో రెండు ఫోన్లు అలాగే పోయాయి. రంధ్రానికి మూత ఉన్న కవర్ వెయ్యండి, కిటికీలో మాత్రం పెట్టకండి.

ప్రశ్న: అమ్మా, గాజువాకలో ఇరవై ఏళ్ళుగా ట్యూషన్ చెప్తున్నాను. మా అబ్బాయి ట్యాబ్ కొనిచ్చాడు. నా తెలుగు ప్రశ్నపత్రాలన్నీ అందులో తెరిస్తే పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు వస్తున్నాయి. ట్యాబ్ పాడైందా?
- ఒక మాస్టారు, గాజువాక

జవాబు: మాస్టారూ, ట్యాబ్ బంగారంలా ఉంది. మీరు ఇన్నేళ్ళూ కొట్టింది అను ఫాంట్లలో అయి ఉంటుంది. అందులో మనకి కనిపించేది తెలుగే గానీ కంప్యూటర్ లోపల దాచేది ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులే, వాటి మీద తెలుగు బొమ్మ తొడుగుతుంది ఆ ఫాంటు. ట్యాబ్‌లో ఆ ఫాంటు లేదు, అందుకని తొడుగు ఊడిపోయి లోపలిది బయటపడింది. ఇకమీదట కొట్టేవి యూనికోడ్‌లో, అంటే లోపల కూడా తెలుగు అక్షరంగానే దాచే పద్ధతిలో కొట్టండి, విండోస్ 10, 11 రెండింట్లోనూ ఇన్‌స్క్రిప్ట్, ఫొనెటిక్ తెలుగు కీబోర్డులు వాటితోనే వస్తాయి, ట్యాబ్‌లో అయితే గూగుల్ వాళ్ళ కీబోర్డు జీబోర్డ్ వేసుకుని మైకు నొక్కి నోటితో చెప్పినా రాసేస్తుంది, ఒత్తులు మాత్రం ఒకసారి చూసుకోవాలి. పాత పేపర్లని ఆ పాత కంప్యూటర్లోనే తెరిచి పీడీఎఫ్ చేసి పంపుకోండి, అప్పుడు ట్యాబ్‌లో చక్కగా కనపడతాయి. మీ అబ్బాయి పాత కంప్యూటర్ తీసేద్దాం అంటున్నాడని మీరు చెప్పలేదు గానీ అంటూనే ఉండి ఉంటాడు, వెయ్యి రూపాయలకి పాత సామాన్ల బండికి వేసేయకండి, మీ ఇరవై ఏళ్ళ పేపర్లు తెరవగలిగేది ఇంట్లో అదొక్కటే.