రీడ్-హిల్‌వ్యూలో పాత సెస్నా వాటా కొనేముందు ట్యాంకులో ఏం పోస్తున్నారో అడగండి

మీరడిగినవి మూడు. కాలిఫోర్నియాలో శాన్ హోసేలోని రీడ్-హిల్‌వ్యూ ఎయిర్‌పోర్టు మూసేస్తారా, అక్కడ పైలట్ ట్రైనింగ్ మొదలుపెట్టొచ్చా, నలుగురు కలిసి నడుపుతున్న పాత సెస్నా 172 అనే చిన్న విమానంలో వాటా కొంటే పెట్రోల్‌తో ఏమైనా ఇబ్బందా అని. మొదటి రెండింటికీ జవాబు చిన్నదే. అసలు సంగతంతా మూడోదాంట్లో ఉంది.

మూయాలని శాంటా క్లారా కౌంటీకి ఉంది. 2011 తర్వాత ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన శాఖ) గ్రాంట్లు తీసుకోవడం మానేసింది. ఎయిర్‌పోర్టు తెరిచే ఉంచాలని పాత గ్రాంట్లతో వచ్చిన షరతులు 2031 దాకా ఉన్నాయి, అందాకా మూయడం అంత తేలిక కాదు. ప్రైవేట్ పైలట్ లైసెన్సుకి పార్ట్ 61 (పైలట్ లైసెన్సుల నిబంధనలు) కింద కనీసం 40 గంటలు ఎగరాలి, చాలామందికి అరవై దాటుతుంది. వారాంతాల్లో మాత్రమే వెళ్లినా ఏడాది, ఏడాదిన్నరలో అయిపోతుంది. మొదలుపెట్టేయండి.

మూసేయాలన్న ఈ గొడవ ఎందుకొచ్చిందో చరిత్ర చూస్తే తెలుస్తుంది. బాబ్, సెసిల్ రీడ్ అనే అన్నదమ్ములు ముందు గార్డెన్ సిటీ ఎయిర్‌పోర్టని నడిపారు. 101 హైవే దాని మీదుగా రావడంతో ఖాళీ చేసి 1937లో ఇక్కడ స్థలం చూసుకున్నారు, 1939లో తెరిచారు. అప్పుడు రన్‌వే మట్టిదే, 1946లో పక్కాగా వేశారు. 1961లో కౌంటీ కొన్నది. 1965లో రెండో రన్‌వే, 1967లో కంట్రోల్ టవర్ వచ్చాయి. ఈలోగా చుట్టూ ఇళ్లు, స్కూళ్లు, ఈస్ట్‌రిడ్జ్ మాల్ లేచాయి. ఇప్పుడు సుమారు 3100 అడుగుల జంట రన్‌వేలు ఊరి నడిమధ్యన ఉన్నట్టే. విమానయాన సంస్థల సర్వీసులేవీ లేవు. ఫ్లయింగ్ స్కూళ్లు, శాన్ హోసే స్టేట్ యూనివర్సిటీ ఏవియేషన్ విభాగం, హ్యాంగర్లు, విమానం కట్టేసుకునే స్థలాలు, సెల్ఫ్ సర్వీస్ పంపు ఉంటాయి.

ఆ పంపులో 100ఎల్ఎల్, అంటే చిన్న విమానాల్లో మామూలుగా పోసే సీసం కలిసిన పెట్రోల్, దొరకదు. ఎయిర్‌పోర్టు దగ్గర్లో ఉండే పిల్లల రక్తంలో సీసం ఎక్కువగా ఉందని 2021లో కౌంటీ చేయించిన అధ్యయనం తేల్చాక, 2022 జనవరి 1 నుంచి అమ్మడం ఆపేశారు. పేరులో 'లో లెడ్' అని ఉన్నా, 100ఎల్ఎల్‌లో గాలన్‌కి 2.12 గ్రాముల దాకా సీసం ఉండొచ్చు. దాని బదులు స్విఫ్ట్ కంపెనీ వాళ్ల యూఎల్94 పెట్టారు, అది సీసం లేని 94 ఆక్టేన్ పెట్రోల్ (ఆక్టేన్ ఎంత ఎక్కువుంటే ఇంధనం తనంతట తాను పేలకుండా అంత తట్టుకుంటుంది). 2024 చివర్లో సీసం లేని 100 ఆక్టేన్ పెట్రోల్ జీ100యూఎల్ కూడా మొదట ఇక్కడే అమ్మకానికి వచ్చింది. ఏ రోజు ఏది ఉంటుందో ముందే ఫోన్ చేసి కనుక్కోండి, మారుతూ ఉంటుంది.

ఇక మీ 172. అది ఏ ఏడాది మోడల్, ఇంజన్ ఏది అన్నది ముందు తెలియాలి. 1968 నుంచి 76 దాకా వచ్చినవాటిలో లైకమింగ్ కంపెనీ ఓ-320-ఈ2డీ ఇంజన్ ఉంటుంది. 150 హార్స్‌పవర్, కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి, ఇంధనాన్ని నొక్కే నిష్పత్తి) 7:1. అసలు 80 ఆక్టేన్‌కి తయారుచేసిన ఇంజనది. దానికి సీసమే శత్రువు, కింది స్పార్క్ ప్లగ్గుల్లో ఉండలు కడుతుంది. యూఎల్94తో ఆ బాధ తప్పుతుంది. కంప్రెషన్ ఎక్కువున్న ఇంజన్లలో, ఉదాహరణకి సిరస్ ఎస్ఆర్22లోని ఐఓ-550-ఎన్‌లో, 94 పోస్తే టేకాఫ్‌లో ఫుల్ పవర్ దగ్గర ఇంధనం తనంతట తానే పేలడం మొదలవుతుంది. కారులోలాగా టకటక చప్పుడు కాక్‌పిట్‌లోకి వినిపించదు. సిలిండర్ హెడ్ వేడి గబగబా పెరుగుతుంది, పిస్టన్ దెబ్బతింటుంది. రన్‌వే చివరే ఇళ్లున్న చోట ఇది ఆటకాదు.

ఇంజన్‌కి సరిపడినంత మాత్రాన పోసేయకూడదు, కాగితం కూడా కావాలి. యూఎల్94కి ఎస్‌టీసీ (విమానంలో మార్పుకి ఎఫ్‌ఏఏ ఇచ్చే ఆమోదం) ఉంటుంది, స్విఫ్ట్ దాన్ని ఒకేసారి 100 డాలర్లకి ఇస్తుంది. మీ విమానం, ఇంజన్ రెండూ ఆ జాబితాలో ఉన్నాయో లేదో చూడండి. ఫారం 337 (ఆ మార్పు నమోదుచేసే ఎఫ్‌ఏఏ పత్రం), లాగ్‌బుక్ ఎంట్రీ, ట్యాంకు మూత పక్కన స్టిక్కర్, ఈ మూడూ ఉండాలి. స్టిక్కర్ అతికించి ఎంట్రీ మర్చిపోయిన విమానాలుంటాయి. జీ100యూఎల్‌కి వేరే ఎస్‌టీసీ. అది విమానం పెయింట్ మీద మరకలు చేస్తుందని, ట్యాంకు సీలెంట్‌ని పాడుచేస్తుందని ఫిర్యాదులున్నాయి, సిరస్ అయితే తమ విమానాల్లో దాన్ని ఆమోదించలేదు. స్విఫ్ట్ వాళ్లదే 100ఆర్ అని ఇంకోటుంది, దాన్ని జీ100యూఎల్‌తో కలపకండి.

పంపు దగ్గర ముందు గ్రౌండ్ తీగ క్లిప్పుని రంగు వేయని లోహపు భాగానికి, ఎగ్జాస్ట్ గొట్టానికైతే మేలు, తగిలించండి. తర్వాతే మూత తీయండి. పంపు మీద పేరు చదవండి, రంగుని నమ్మకండి. 100ఎల్ఎల్ నీలంగా ఉంటుంది, జీ100యూఎల్ లేత కాషాయం. యూఎల్94కి రంగే ఉండదు, జెట్ ఇంధనమూ దాదాపు అంతే. డీజిల్ బండిలో పెట్రోల్ పోసిన కథ ఇక్కడ తిరగబడుతుందన్నమాట, పెట్రోల్ ఇంజన్‌లో కిరసనాయిల్ లాంటి జెట్ ఇంధనం పడుతుంది. అనుమానమొస్తే తెల్లకాగితం మీద ఒక చుక్క వేయండి. ఏవ్‌గ్యాస్ (చిన్న విమానాల పెట్రోల్) ఆరిపోయి ఏమీ మిగలదు, జెట్ ఇంధనమైతే నూనె మరకలాగా ఉండిపోతుంది. పోశాక కొన్ని నిమిషాలు ఆగి, నీళ్లు, చెత్త ఉన్నాయేమో చూడటానికి కింది డ్రెయిన్ల నుంచి శాంపిల్ తీయండి. పాత 172లో సాధారణంగా మూడుచోట్ల, 172ఎస్‌లో 13 చోట్ల డ్రెయిన్లుంటాయి. ఒక్కటీ వదలకండి.

వాటాదారుల్ని తప్పక అడగాల్సింది వాల్వుల గురించి. యూనివర్సిటీ ఆఫ్ నార్త్ డకోటా 2023లో తన ట్రైనింగ్ విమానాల్ని యూఎల్94కి మార్చి, కొన్ని నెలలకే వెనక్కి 100ఎల్ఎల్‌కి వచ్చేసింది, ఎగ్జాస్ట్ వాల్వు సీట్లు (వాల్వు మూసుకున్నప్పుడు ఆనే రింగులు) అరిగి లోపలికి దిగుతున్నాయని. ఇంధనంలో ఆరోమాటిక్స్ (ఒక రకం హైడ్రోకార్బన్లు) తక్కువవడం కూడా ఒక కారణమని లైకమింగ్ తర్వాత చెప్పింది. అన్ని ఇంజన్లలోనూ ఇది జరగదు, కానీ కొలవకుండా తెలియదు. సీటు దిగితే వాల్వు లోపలికి కూర్చుంటుంది, డ్రై ట్యాపెట్ క్లియరెన్స్ (వాల్వుకీ దాన్ని తోసే రాకర్‌కీ మధ్య సందు) తగ్గుతుంది. లైకమింగ్‌లో అది మామూలుగా 0.028 నుంచి 0.080 అంగుళాల మధ్య ఉండాలి. ఇంకా తగ్గితే వాల్వు పూర్తిగా మూసుకోదు, వేడి వాయువు అందులోంచి కారి వాల్వు కాలిపోతుంది. కంప్రెషన్ టెస్టులో సిలిండర్‌లోకి 80 పీఎస్ఐ గాలి పంపితే 60 కంటే తక్కువ చూపించి, ఎగ్జాస్ట్ గొట్టంలోంచి బుస్సుమని వినిపిస్తే అదే.

అంచేత కొనేముందు నాలుగు సిలిండర్ల క్లియరెన్స్ కొలతలు యూఎల్94 మొదలుపెట్టక ముందువీ తర్వాతవీ పక్కపక్కన పెట్టి చూపించమనండి. ముందువి లేవంటే ఈసారి యాన్యువల్‌లో (ఏడాదికోసారి చేసే తనిఖీలో) మీ ఖర్చుతోనైనా కొలిపించి, ఆ కాగితం లాగ్‌బుక్‌లో పెట్టించి, అప్పుడు డబ్బుల మాట మాట్లాడండి.